దాహం అనుకున్నాను: పటమటలో ఒక అరెకా పామ్ కేసు

ఈ కేసులో మొదటి తప్పు నాదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

విజయవాడలో ఇళ్లకూ ఆఫీసులకూ మొక్కలు పెట్టి, నెలనెలా వెళ్లి చూసుకోవడం నా పని. పద్నాలుగేళ్లుగా ఇదే బతుకు. ఎండలు ముదిరాయంటే నా ఫోను నిండా వాలిపోయిన ఆకుల ఫోటోలే. గత ఏడాది మే మొదటి వారంలో పటమట నుంచి ఒకటి వచ్చింది. హాలు మూలన ఆరడుగుల అరెకా పామ్. మట్టలన్నీ సగం మూసిన గొడుగులా కిందికి వాలాయి, ఆకులు ఈనె దగ్గర మడతపడ్డాయి. మొక్క నెత్తిమీదే ఏసీ. బయట వడగాడ్పులు. నేను స్కూటర్ మీద బెంజి సర్కిల్ దగ్గర ఆగి ఉన్నాను. ఫోటో చూసి, "నీళ్లు చాలడం లేదండీ. కాస్త పెంచండి, ఏసీ గాలి తగలకుండా పక్కకు జరపండి" అని జవాబు పంపాను. సిగ్నల్ పచ్చ పడేలోపే వైద్యం పూర్తయింది.

పది రోజులకు ఆ ఇంటి కోడలు ఫోను చేసింది. "మీరు చెప్పినట్టే నీళ్లు పెంచామండీ. ఇప్పుడు కింది మట్టలు పసుపు పచ్చగా మారుతున్నాయి. ఆ మూలకు వెళితే ఏదో వాసన కూడా వస్తోంది."

వాసన అన్న మాట వినగానే విషయం అర్థమైంది. దాహంతో ఉన్న మొక్క దగ్గర వాసన ఉండదు.

ముందు మొక్క గురించి

అరెకా పామ్ అనే పేరు చూసి ఇది మన వక్కలు కాసే పోకచెట్టు అనుకునేవారున్నారు. అది వేరు, ఇది వేరు. ఇది మడగాస్కర్ తూర్పు వైపు తేమ నేలల నుంచి వచ్చింది. శాస్త్రజ్ఞులు చాలాకాలం డిప్సిస్ లూటెసెన్స్ అని పిలిచి, ఇప్పుడు క్రిసాలిడోకార్పస్ లూటెసెన్స్ అంటున్నారు. నర్సరీల్లో మాత్రం అరెకానే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దీని మట్ట విల్లులా వంగుతుంది. మట్టకు రెండు పక్కలా ఉన్న ఆకులు మాత్రం పైకి లేచి, పుస్తకం సగం తెరిచి పట్టుకున్నట్టు కనిపిస్తాయి. కాబట్టి మట్ట వంగడం జబ్బు కాదు. ఆ తెరిచిన పుస్తకం మూసుకుపోయి, ఆకులు కిందికి వేలాడితే అప్పుడు అనుమానించాలి. అడుగున ఉన్న ఒకటి రెండు ముసలి మట్టలు వాలి ఎండటం కూడా సహజమే. కొబ్బరిచెట్టు కింద ఎండు మట్ట పడితే ఎవరూ గాభరా పడరు కదా.

తెలియాల్సింది ఇంకొకటి ఉంది. మనం ఒక మొక్క అని కొనుక్కునేది నిజానికి ఒకటి కాదు. గుబురుగా కనపడాలని ఒకే సంచిలో పది పదిహేను నారు మొక్కలు కలిపి పెంచుతారు. వాటిలో ప్రతి కాండానికీ ఒకే మొవ్వు, అంటే కొత్త ఆకులు పుట్టే చోటు. ఆ మొవ్వు పోతే ఆ కాండం పనైపోయినట్టే, పక్క నుంచి కొమ్మ వేయదు. అయితే పక్కనున్న కాండం బతకవచ్చు. ఈ కేసులో చివరికి మమ్మల్ని ఆదుకున్నది ఆ గుంపే.

ఇంటికి వెళ్లాక

మే 17 సాయంత్రం వెళ్లాను. ఫిబ్రవరిలో గృహప్రవేశానికి కొన్న మొక్క అది. రెండు నెలలు బాగానే ఉందట, ఏప్రిల్ మూడో వారం నుంచి వాలడం మొదలైందట. వాలిన మట్టల్ని పెద్దావిడ పాత చీర అంచుతో కలిపి, ఒక కర్రకు కట్టి నిలబెట్టింది. చూడటానికి కట్టు కట్టిన చెయ్యిలా ఉంది.

మొక్క ఉన్నది ప్లాస్టిక్ కుండీలో. ఆ కుండీని దింపింది మాత్రం ఇత్తడి గంగాళంలో. పెద్దావిడ తల్లిగారి నాటి గంగాళం, పెళ్లిలో సారెతో వచ్చింది. కొత్త ఫ్లాటులో నీళ్లు కాచుకునే పని లేదు కాబట్టి చింతపండుతో తోమి హాల్లో పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ హాలులో అన్నిటికంటే అందమైన వస్తువు అదే. మొక్కను చంపుతున్నదీ అదే.

నేనూ ఆ ఇంటి అబ్బాయీ కలిసి కుండీని పైకెత్తాం. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. గంగాళం అడుగున జానెడుకు కొంచెం తక్కువగా నీళ్లు నిలిచి ఉన్నాయి. బయట బంగారంలా మెరుస్తున్న ఇత్తడి, లోపల నీళ్లు నిలిచిన మేర నల్లగా మారింది. గాలి ఆడని మట్టిలో పెరిగే సూక్ష్మజీవులు విడిచే గంధకపు వాయువు చేసే పని అది. ఇత్తడినీ రాగినీ నల్లబరుస్తుంది. ఆ నలుపు గీత ఎంత ఎత్తున ఉందో చూస్తే, కుండీలో ఎంత భాగం ఇన్నాళ్లు నీళ్లలో మునిగి ఉందో టేపు అక్కర్లేకుండా తెలిసిపోయింది.

"ఇత్తడి పడలేదా నాయనా?" అని అడిగింది పెద్దావిడ.

"ఇత్తడి తప్పేం లేదమ్మా. దానికి చిల్లు లేదు."

"చిల్లు పెట్టడానికి వీల్లేదు" అంది వెంటనే. నేనింకా ఆ మాటే అనలేదు.

తరువాత నీళ్ల లెక్క అడిగాను. ఏ ఇంటికి వెళ్లినా "నీళ్లు ఎన్నిసార్లు పోస్తారు" అని అడిగితే "రోజు విడిచి రోజు, కొంచెమే" అనే జవాబు వస్తుంది. అందుకే నేను "ఎవరు పోస్తారు" అని అడుగుతాను. ఇక్కడ పెద్దావిడ పొద్దున తులసికి పోసి, ఆ చేత్తోనే దీనికో చెంబు పోస్తుంది. కోడలు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే వాలిన ఆకులు చూసి జాలిపడి ఒక మగ్గు పోస్తుంది. పనిమనిషి ఇల్లు తుడిచిన రోజు, చెప్పకపోయినా తన వంతు పోస్తుంది. ఒకరు పోస్తున్న సంగతి మరొకరికి తెలియదు. మొక్కకు నాలుగో చెయ్యి నాది, ఫోనులోంచి. అందరి మగ్గులూ చెంబులూ కలిపితే రోజుకు రెండు లీటర్ల పైన. ఏసీ గదిలో ఉన్న అంత మొక్కకు రోజుకు పావు లీటరు చాలు.

నీళ్లలో ఉండి దాహం ఎందుకు

"ఇన్ని నీళ్లు తాగితే వాలడమేమిటి, నిగనిగలాడాలి కదా" అని అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నేనూ ఫోటో చూసినప్పుడు ఈ ప్రశ్న వేసుకుని ఉంటే బాగుండేది.

వేరు నీటిని పైపులా ఊరికే పీల్చదు. అదీ ఊపిరి తీసుకోవాలి, శక్తి ఖర్చుపెట్టాలి. మట్టి రేణువుల మధ్య ఉండే గాలిలోంచి దానికి ఆక్సిజన్ అందుతుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే ఆక్సిజన్ చేరడం దాదాపు ఆగిపోతుంది. గాలిలో కంటే నీటిలో అది దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు ముందు నీటిని లోపలికి రానిచ్చే దారులు మూసుకుంటుంది, తరువాత చచ్చిపోతుంది. చచ్చిన వేరును పిథియం, ఫైటోఫ్తోరా లాంటి కుళ్లు తెగుళ్లు తినేస్తాయి. పైన ఆకులకు మాత్రం తడి అందదు. అవి చేసే పని నీటి ఎద్దడికి గురైనప్పుడు చేసేదే: మడతపడి వాలిపోతాయి. అంటే మునిగినా ఎండినా ఆకు చూపించే ముఖం ఒకటే. నేను ఫోటోలో చూసింది ఆ ముఖమే. చూడాల్సింది కుండీ.

వేరే కారణాలు కూడా ఉంటాయి గనుక వాటినీ ఆ సాయంత్రమే తేల్చుకున్నాను. మట్ట కింద తెల్ల కాగితం పట్టి నాలుగు దెబ్బలు తట్టాను. ఎర్రనల్లి ఉంటే కాగితం మీద మిరియపు పొడిలాంటి చుక్కలు కదులుతాయి. ఏసీ గదుల పొడిగాలిలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఇక్కడ లేదు. మట్ట మొదళ్లలో పిండినల్లి తెల్లదూది కూడా లేదు. వెలుతురు ఫరవాలేదు, తూర్పు బాల్కనీ తలుపు పది అడుగుల దూరంలో ఉంది. ఏసీ గాలి నేరుగా తగులుతున్న మాట నిజమే, అయితే దానివల్ల ఆకుల కొనలు మాడతాయి గానీ మొదలు కుళ్లదు.

నాలుగు రోజుల తూకం

వాసన వచ్చింది కాబట్టి వెంటనే మొక్కను ఊడబెరకాలని అనిపిస్తుంది. నేను ఆగాను. పామ్ జాతికి వేళ్లు కదిలిస్తే కోపం. బంతినీ గులాబీనీ కదిలించినట్టు దీన్ని కదిలించలేం. వేళ్లు నిజంగా పోయాయా, లేక గంగాళంలోని నీళ్లు తీసేస్తే కోలుకుంటుందా అన్నది ముందు తేలాలి. దానికి నా దగ్గరున్న పరికరం ఒక్కటే, ఇంట్లో మనుషులు బరువు చూసుకునే కాటా.

గంగాళం ఖాళీ చేయించి, కుండీని ఆ సాయంత్రమంతా బాల్కనీలో ఇటుకల మీద కారనిచ్చి, తూచాను. 28.6 కిలోలు. ఎవరూ చుక్క నీరు పోయకూడదని ముగ్గురికీ చెప్పాను. పెద్దావిడకు రెండుసార్లు చెప్పాను. 21వ తేదీ సాయంత్రం కోడలు తూచి పంపింది: 28.3. నాలుగు రోజుల్లో 300 గ్రాములు. అందులో మట్టి పైనుంచి ఆవిరైనదే సగం ఉంటుంది. వేళ్లు పనిచేస్తుంటే ఆ గుబురుకు రోజుకే 200 గ్రాములైనా తగ్గాలి. అడుగు పొడవున్న వెదురు పుల్లను మట్టిలో దించి పది నిమిషాల తరువాత తీస్తే, మొదలు నుంచి చివర దాకా తడిసి నల్లబడింది, చివరన వాసన కూడా ఉంది. మొక్క తాగడం లేదు. ఇక కదిలించక తప్పదు.

రోహిణి కార్తెకు మూడు రోజులు ముందు పామ్ మొక్క కుండీ మార్చేవాడిని మా పనిలో ఎవరైనా తిడతారు. రోళ్లు పగిలే రోజులవి. మృగశిర దాకా ఆగితే మంచిదే, కానీ ఆగితే మార్చడానికి వేరు మిగలదు. ఇది ఇంట్లో, ఏసీలో ఉండే మొక్క కావడం ఒక్కటే ధైర్యం. 22వ తేదీ తెల్లవారుజామున ఆరు గంటలకు బాల్కనీలో పట్టాలు పరిచి పని మొదలుపెట్టాం.

మట్టిముద్ద ఎలా ఉందంటే

కుండీ కోసి తీస్తే అసలు కథ బయటపడింది. నడుమ, నర్సరీ సంచి ఆకారంలోనే, జిగట మట్టి ముద్ద. కడియం నర్సరీల వైపు నుంచి మాకు వచ్చే మొక్కల్లో చాలావాటికి ఈ ముద్ద ఉంటుంది. దాన్ని తప్పుపట్టను. లారీలో అంత దూరం కుదుపులు తిన్నా ఊడకుండా, ఎండకు ఆరకుండా మొక్కను కాపాడేది ఆ జిగటే. అయితే అది షేడ్ నెట్ కింద, బయటి గాలిలో, రోజూ ఆరుతూ తడుస్తూ ఉండే చోటికి సరిపడే మట్టి. ఏసీ హాలులోకి వచ్చాక అది ఆరదు. చుట్టూ ఎవరో కొబ్బరిపొట్టు నింపారు. అడుగున రెండు అంగుళాలు గులకరాళ్లు.

ఆ గులకరాళ్ల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. "నీళ్లు దిగడానికి" అని అందరూ వేస్తారు. ఒకప్పుడు నేనూ వేశాను. సన్నని రంధ్రాలున్న మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు తేలిగ్గా దిగదు. పై మట్టి పూర్తిగా నిండి ఇక పట్టలేనప్పుడే దిగుతుంది. అంటే ఎప్పుడూ తడిసి ఉండే పొర, కుండీ అడుగున ఉండాల్సింది కాస్తా రాళ్ల ఎత్తున పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. రాళ్లు నీటిని దించలేదు, తడిని ఎత్తి పెట్టాయి.

ముద్దను నీళ్లలో నానబెట్టి నెమ్మదిగా కరిగించాం. పదకొండు కాండాలు తేలాయి. మంచి పామ్ వేరు పురికొసంత లావుగా, గట్టిగా, కొన తెల్లగా ఉంటుంది. ఇక్కడ కింది సగంలో వేళ్లన్నీ గోధుమ రంగు నుంచి నలుపు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పైతొడుగు జారిపోయి, లోపల సన్నని దారం మిగులుతోంది. నాలుగు కాండాలకు మొదలే మెత్తబడింది, వేలితో నొక్కితే దిగబడింది. వాటిని విడదీసి పక్కన పెట్టాను. మిగిలిన ఏడింటికి పై భాగంలో, కొబ్బరిపొట్టులోకి పాకిన కొత్త వేళ్లు కొన్ని తెల్లగా ఉన్నాయి. అవే మా పెట్టుబడి.

కుళ్లినంత మేర కత్తెరతో తీసేశాను, ప్రతి కోతకూ కత్తెర స్పిరిట్‌తో తుడుస్తూ. మంచి వేరు ఒక్కటి కూడా అందం కోసం కత్తిరించలేదు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి వేళ్లను తడిపాను. ఇది బాల్కనీలోనే, చేతికి తొడుగులు వేసుకుని చేయాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. జీవ శిలీంద్రమైన ట్రైకోడెర్మాను మూడు వారాల తరువాతే ఇచ్చాను. రెండూ ఒకేసారి ఇస్తే, మొదటిది రెండోదాన్ని పని చేయనివ్వకపోవచ్చు.

కొత్త మట్టిలో నాలుగు పాళ్లు కడిగిన కొబ్బరిపీచు ముక్కలు, పొట్టు కలిపి. రెండు పాళ్లు జల్లించిన ముతక ఇసుక. రెండు పాళ్లు వర్మీకంపోస్టు. ఒక పాలు ఎర్రమట్టి. ఇసుక జల్లెడలో పైన నిలిచేదే కావాలి, కింద పడే సన్నటిది కాదు. చాలామంది తిరగేసి వాడి మట్టిని సిమెంటు చేస్తారు. కుండీని పెంచలేదు, 12 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించాను. "ఇంత మొక్కకు అంత చిన్న కుండీయా" అని పెద్దావిడ నొచ్చుకుంది. వేళ్లు తక్కువైనప్పుడు పెద్ద కుండీ అంటే తాగేవాళ్లు లేని నీళ్ల తొట్టి. గులకరాళ్లు వేయలేదు. ఎరువు ఇవ్వలేదు. జబ్బు మనిషికి విందు పెట్టం.

మట్టల విషయంలో మా పనివాళ్లలో రెండు మతాలున్నాయి. వేళ్లు పోయాయి కనుక మట్టలు కూడా సగం కోసేయాలనేది ఒకటి. నేను పూర్తిగా పసుపుబారి ఎండిన ఏడింటినే తీశాను. సగం పచ్చగా ఉన్న ముసలి మట్టలోంచి పామ్ తన పొటాషియాన్ని వెనక్కి లాక్కుని కొత్త ఆకుకు ఇస్తుంది. దాన్ని కోస్తే ఆ నిల్వ పోతుంది. చీర అంచు కట్టు మాత్రం విప్పేశాను.

ఇక గంగాళం. చిల్లు పెట్టలేదు. అడుగున రెండు ఇటుకలు పేర్చి, వాటి మీద కుండీ పెట్టాం. నీళ్లు పోయాల్సిన రోజు కుండీని బాల్కనీలోకి తీసుకెళ్లి పోసి, పూర్తిగా కారాక తెచ్చి పెట్టాలి. ఏసీ గాలికి దూరంగా, తూర్పు తలుపుకు దగ్గరగా జరిపాం. ఎండ నేరుగా పడకుండా పలుచటి తెర. నీళ్లు పోసే అధికారం ఒక్కరికే, కోడలికి. పెద్దావిడకు తులసి ఉంది.

ఎదురుచూపులు

తరువాతి రెండు వారాలు ఏమీ జరగలేదు. నిజానికి చెడే జరిగింది, మరో రెండు కాండాలు పోయాయి. ఏడు అయిదయ్యాయి. కోడలు ఫోనులో మర్యాదగానే మాట్లాడింది కానీ గొంతు మారింది. "ముందు మీరే నీళ్లు పెంచమన్నారు" అంది. అవును, అన్నాను. ఆ నెల బిల్లు వేయలేదు.

ఈ దశలో ఎవరైనా చేసే తప్పు, వాలిన మట్ట లేస్తుందేమోనని రోజూ చూడటం. అది లేవదు. వేళ్లు కుళ్లి ఒకసారి ఒరిగిన మట్ట అలాగే ఉండి ముసలిదై రాలుతుంది. చూడాల్సింది మొవ్వాకును, అంటే ఇంకా విప్పుకోని ఈటెలాంటి కొత్త ఆకును. మార్కర్ పెన్నుతో మొవ్వాకు మీదా, దాన్ని ఆనుకుని ఉన్న మట్ట మీదా ఒకే ఎత్తులో ఒక గీత గీస్తాను. మొవ్వాకు పెరిగితే దాని గీత పైకి జరుగుతుంది. జూన్ 5న అయిదు కాండాలకూ గీతలు గీశాను. 19న ఒక్కటీ కదల్లేదు. జూలై 3న వెళితే మూడింటి గీతలు వేలి వెడల్పు పైకి జరిగాయి. కళ్లద్దాలు పెట్టుకుని పెద్దావిడ కూడా చూసింది. జూలై చివరికి ఒక ఆకు పూర్తిగా విచ్చుకుంది, ఆకులు రెండు పక్కలా లేచి నిలిచాయి.

కేసు ఇక్కడితో ముగిసిందనుకున్నాను.

ఆగస్టులో ఆ కొత్త ఆకు కొనలే మాడటం మొదలైంది. వాలడం లేదు, కొనలు మాత్రం గోధుమ రంగు. మట్టి మీద తెల్లటి పెచ్చు. ఈసారి ఫోటో చూసి ఏమీ చెప్పలేదు, వెళ్లాను. వంటింటి పక్కన ఒక బకెట్ ఉంది, నీళ్ల ఫిల్టరు నుంచి వచ్చే వృథా నీరు అందులో పడుతోంది. "పారబోయడమెందుకని మొక్కకు అవే పోస్తున్నానండీ" అంది కోడలు. పొదుపరి ఇల్లు. నాకు ముచ్చటేసింది, మొక్కకు మాత్రం కష్టమైంది.

ఆర్‌ఓ ఫిల్టరు ఉప్పును మాయం చేయదు. మంచినీటిలోంచి తీసి వృథా నీటిలోకి నెడుతుంది. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు నా దగ్గరుంటే పెట్టి చూశాం. బోరు నీళ్లు లీటరుకు 780 మిల్లీగ్రాములు, తాగే నీళ్లు 60, బకెట్‌లోవి 1,140. మూడు లీటర్లు లోపలికి వెళితే ఒక లీటరు మంచినీరు వచ్చే ఫిల్టరుకు లెక్క సరిగ్గా ఇంతే వస్తుంది, కాగితం మీద వేసుకున్నా. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ కోరదగిన పరిమితిగా చెప్పేది 500. ఉప్పు తేరిన మట్టిలోంచి నీరు లాగడం వేరుకు కష్టం. వచ్చిన ఉప్పు ఆకుల కొనల్లో పేరుకుని వాటిని మాడుస్తుంది. గచ్చు కడగడానికి ఆ బకెట్ నీళ్లు భేషుగ్గా పనికొస్తాయి, కుండీలకు కాదు.

పరిష్కారం ఆ ఇంట్లోనే ఉంది. ఏసీ గొట్టం నుంచి రోజంతా కారి బాల్కనీ తూములో కలిసే నీళ్లకు మీటరు పెడితే దాదాపు సున్నా. ఇన్నాళ్లు నేను దోషిని చేసిన ఏసీయే మెత్తటి నీళ్లు ఇస్తోంది. ఆ నీళ్లు సగం, కార్పొరేషన్ కుళాయి నీళ్లు సగం కలిపి పోయమన్నాను. ముందు ఒకసారి కుండీ పరిమాణానికి మూడు రెట్లు, పాతిక లీటర్ల పైనే, నెమ్మదిగా పోసి ఉప్పును కడిగించాం. సెప్టెంబరు నుంచి పదిహేను రోజులకోసారి ఎరువు: లీటరుకు ఒక గ్రాము 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాషియం సమపాళ్లలో), తరువాతి విడత 13-0-45 (పొటాషియం ఎక్కువ). రెండోది గుంటూరు మిరప రైతులకు ఇంటి ఉప్పంత పరిచయమైన పొడి. పామ్‌లకు పొటాషియం ఆకలి ఎక్కువ.

గుంటూరులో దీనికి సరిగ్గా తిరగబడిన కేసు

అదే జూలైలో గుంటూరులో ఒక వ్యాపారి ఆఫీసు నుంచి పిలుపు. అవే మడతలు, అవే వాలిన మట్టలు. పటమట అనుభవంతో బెదిరి ఉన్న నేను వెళ్లగానే కుండీ ఎత్తి చూశాను. దూదిలా లేచింది. అక్కడి కుర్రాడు రోజూ నీళ్లు పోస్తున్నాడు, అబద్ధం కాదు, అడుగు పళ్లెంలోకి నీళ్లు వస్తున్నాయి కూడా. కొబ్బరిపొట్టు ఒకసారి బాగా ఎండితే నీటిని పట్టదు. ముద్ద కుంచించుకుని కుండీ గోడకు సందు వదులుతుంది, పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారిపోతాయి. లోపల మట్టి పొడి పొడిగా ఉంది. కుండీని టబ్బులో ముంచి, బుడగలు ఆగేదాకా, ముప్పావు గంట ఉంచాం. మర్నాడు పొద్దునకు ఆకులు లేచాయి. వేళ్లు బాగుండి దాహం మాత్రమే ఉన్నప్పుడు ఒక్క రాత్రిలో తేడా తెలుస్తుంది. పటమటలో అలా లేవకపోవడానికి కారణం వేళ్లు కుళ్లడమే.

ఈ రెండు ఫోటోలను నా ఫోనులో పక్కపక్కన పెట్టుకున్నాను. ఏది ఏదో ఇప్పటికీ ఫోటో చూసి చెప్పలేను.

ఇప్పుడు ఎలా ఉంది

నవంబరు నాటికి మూడు కొత్త మట్టలు నిలిచాయి. నీళ్లు పోసి కారాక కుండీ 11.4 కిలోలు, 9.6కి తగ్గగానే మళ్లీ పోయాలి. ఎనిమిది రోజులు పడుతోంది, అంటే రోజుకు 225 గ్రాముల లెక్క. తాగుతోంది. చలికాలంలో ఏసీ ఆపాక అది పది పదకొండు రోజులైంది. తేదీ ప్రకారం పోసి ఉంటే మళ్లీ మునిగేది. కాటా ఇప్పుడు గంగాళం పక్కనే ఉంటుంది. పాత మట్టలు ఒక్కొక్కటే ఎండగా తీసేశాం. మొక్క పలచబడింది. ఫిబ్రవరిలో కొన్నప్పటి గుబురు లేదు, రావడానికి రెండేళ్లు పట్టవచ్చని చెప్పాను. కొత్తది కొనడమే చవక అని కూడా చెప్పాను. వాళ్లు ఒప్పుకోలేదు.

అయిదు కాండాల్లో నాలుగు పెరుగుతున్నాయి. గోడ వైపున్న అయిదోదాని గీత జూన్ 5న గీసిన చోటే ఉంది. పచ్చగానే ఉంటుంది, పెరగదు. వెళ్లిన ప్రతిసారీ దాని మొవ్వాకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగుతాను. మొవ్వు కుళ్లితే ఆకు చేతిలోకి ఊడి వస్తుంది, మొదట్లో వాసన ఉంటుంది. సంక్రాంతి అయ్యాక వెళ్లినప్పుడూ లాగాను. పెద్దావిడ పక్కనే నిలబడి చూస్తోంది. రాలేదు. పాత గీత చెరిగిపోతుంటే దాని మీదే మళ్లీ గీసి, పక్కన ఆ రోజు తేదీ వేసి వచ్చాను.